ఎండపని, జాగ్రత్తలు: కోడుమూరు ప్రాంతం

కర్నూలు జిల్లాలో హంద్రీ నది ఒడ్డున ఉన్న కోడుమూరు చుట్టుపక్కల ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీలు దాటుతుంది. వడదెబ్బ మీద జాగ్రత్త ఇక్కడ వృత్తిని బట్టి ఒక్కో తీరుగా పెరిగింది.

తలకు రుమాలు, తెల్లవారుజామునే పని, అంబలి, మజ్జిగ, దారిపక్క చలివేంద్రం తరతరాలుగా ఉన్నవే. 1876–78 కరువులో పనికి వచ్చిన కూలీల గురించి బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్, మద్రాసు ఆరోగ్య కమిషనర్ కార్నిష్‌ల మధ్య వాదమంతా ఎండ మీద కాదు, రోజుకు ఎంత తిండి చాలునన్న దాని మీదే నడిచింది. 1948 ఫ్యాక్టరీల చట్టం పనిగదిలో వేడి తగ్గించాలంది. 1952 గనుల చట్టం తాగునీరు తప్పనిసరి చేసింది. పొలం కూలీ ఈ రెండింటి కిందికీ రాలేదు.

అసలు మార్పు ఉపాధి హామీతో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకం 2007లో కర్నూలు జిల్లాకు చేరింది. జనం నోట అది ‘కరువు పని’. పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని ఉపాధి హామీ చట్టం చెప్పింది. ఎండకు నేల గట్టిపడి పని సాగదు కనుక రాష్ట్రంలో వేసవి భత్యం కలిపేవారు: ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మే నెలల్లో 30, జూన్‌లో 20. కొలతల ప్రకారం కూలి వచ్చే పనిలో ఇది మెచ్చుకోదగ్గ ఏర్పాటు. రాష్ట్రం కేంద్ర సాఫ్ట్‌వేర్‌కు మారాక ఆ భత్యం ఆగిపోయింది.

2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది వడదెబ్బకు చనిపోయినట్టు ప్రభుత్వ లెక్క. మరుసటి ఏడు రాష్ట్రం వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. 2013లో అహ్మదాబాద్ వేసిన బాట అది. మిట్టమధ్యాహ్నం పని మానాలన్న దండోరా, ఓఆర్‌ఎస్ పొట్లాలు పల్లెలకు చేరాయి. లెక్కల్లో మరణాలు 2016లో 723కు, 2017లో 236కు తగ్గాయి.

ఆస్ట్రేలియాలో 1981 నుంచి సాగిన ఎండ జాగ్రత్తల ప్రచారం చర్మ క్యాన్సర్ మీద. సీమలో మాట ఎప్పుడూ వడదెబ్బదే. కళ్లలో శుక్లాలకు ఎండ ఒక కారణమన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. బేతంచెర్ల నాపరాళ్ల గనుల్లో రాయి మీద పడి ఎదురుకొట్టే వెలుగులో పనిచేసేవారికి, ఓర్వకల్లు, గడివేముల మండలాల్లోని 1,000 మెగావాట్ల సౌర పార్కులో పలకలు కడిగేవారికి అది దగ్గరి విషయం. ఇక మధ్యాహ్నం పని మానాలన్న మాటకొస్తే, ముక్కకింత కూలి తీసుకునేవారు ఆగితే ఆ పూట కూలి పోతుంది. నెలజీతగాళ్లకు ఆ నష్టం లేదు.