గ్రంథస్వామ్యము – చదువరి హక్కు

విద్య పంచిన కొలది పెరుగునని పెద్దలు చెప్పుదురు. కాని గ్రంథము పంచవలెనన్న కాగితమునకు, కూర్పునకు, అచ్చునకు సొమ్ము కావలెను. గ్రంథకర్త శ్రమకు ప్రతిఫలము ముట్టవలెను. అట్లని, కొనలేని చదువరికి గ్రంథము అందకుండుటయు ధర్మము కాదు. ఈ రెంటిని ఎట్లు పొసగింపవలెనను వివాదము మూడువందల యేండ్ల నాటిది.

ఇంగ్లండున ఆన్ రాణి కాలమున, 1710లో అమలులోనికి వచ్చిన శాసనమును గ్రంథస్వామ్యమునకు మొదటి చట్టముగ చరిత్రకారులు పరిగణింతురు. అంతకు పూర్వము ముద్రణ హక్కులు లండను పుస్తక వర్తకుల సంఘము గుప్పిట నుండెను. విద్యాభివృద్ధియే తన ఉద్దేశమని ఆ శాసనము పేరులోనే చెప్పుకొనినది. కొత్త గ్రంథముపై హక్కు 14 ఏండ్లు. ఆ గడువు తీరునాటికి గ్రంథకర్త జీవించియున్నచో మరి 14 ఏండ్లు. ప్రచురించిన గ్రంథముల ప్రతులను తొమ్మిది గ్రంథాలయములకు ఒసగవలెను. అన్నిటికంటె విశేషము మరియొకటి కలదు. వెల అన్యాయముగ హెచ్చించిరని తోచినచో ఎవరైనను ఫిర్యాదు చేయవచ్చును. అధికారులు విచారించి తగిన వెల నిర్ణయింతురు. ఈ నిబంధన 1739లో రద్దయ్యెను. హక్కు నిలిచినది, వెలపై అదుపు పోయినది.

భారతదేశమున 1847లోను, 1914లోను వచ్చిన చట్టములు పాలకుల చట్టముల ననుసరించినవే. స్వాతంత్ర్యానంతరము 1957లో దేశమునకు సొంత చట్టమేర్పడి, 1958 జనవరి 21 నుండి అమలు జరిగెను. చదువరులకు దాని 52వ సెక్షను ముఖ్యము. సొంత అధ్యయనమునకు న్యాయమైన మేర వాడుకొనుట, బోధన సందర్భమున ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని ప్రతి తీసికొనుట నేరము కాదని అందు కలదు. 1967లో స్టాక్‌హోము అంతర్జాతీయ సభలో భారతదేశమును, ఇతర వర్ధమాన దేశములును విద్యావసరములకై సడలింపులు కోరగా, ప్రచురణకర్తలు ప్రతిఘటించిరి. తుదకు 1971లో పారిసు సభయందు పరిమితమైన సడలింపులు మాత్రమే లభించెను.

52వ సెక్షను బలము 2012లో పరీక్షకు వచ్చెను. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సు ఆవరణలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసను చిన్న అంగడి యుండెను. ఆచార్యులు నిర్దేశించిన అధ్యాయములను వేర్వేరు గ్రంథములనుండి ప్రతులు తీసి, సంపుటములుగ కూర్చి అచట విద్యార్థులకు ఇచ్చుచుండిరి. ఒక్కొక్క అధ్యాయమునకై ఒక్కొక్క విదేశ గ్రంథము కొనగల శక్తి ఎందరికుండును? ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయములును, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థయు ఆ అంగడిపైన, విశ్వవిద్యాలయముపైన హైకోర్టులో దావా వేసెను. అక్టోబరులో కోర్టు ఆ సంపుటములను తాత్కాలికముగ నిలిపివేసెను. విద్యార్థులు సంఘముగ నేర్పడి దావాలో చేరిరి. ఎవరి హక్కులు కాపాడుటకని దావా వేయబడెనో, ఆ గ్రంథకర్తలలోనే పలువురు దానిని నిరసించిరి. అమర్త్యసేన్ సైతము చట్టమును అంత కఠినముగ ప్రయోగింపవలదని తన ప్రచురణకర్తలను కోరెను.

2016 సెప్టెంబరు 16న న్యాయమూర్తి రాజీవ్ సహాయ్ ఎండ్లా దావాను కొట్టివేసెను. గ్రంథస్వామ్యము ప్రకృతిసిద్ధమైన హక్కు కాదనియు, విజ్ఞాన వ్యాప్తికై చట్టము కల్పించినదనియు ఆయన తీర్పు. అప్పీలు విన్న ధర్మాసనము డిసెంబరు 9న బోధనకై ప్రతులు తీయు హక్కును సమర్థించి, ఆ ప్రతులు బోధనకు అవసరమైనవే యగునా యను అంశమును మాత్రము విచారణకు మరల పంపెను. 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావా నుపసంహరించుకొనిరి.

ఈ తీర్పు అంగడివాడు ఏ గ్రంథమునైనను అచ్చుగ్రుద్ది అమ్ముకొనుటకు అనుమతి కాదు. రచయిత గతించిన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లవరకు హక్కు నిలిచియుండును. అటుపిమ్మట గ్రంథము లోకులందరి సొత్తు. 1919లో కీర్తిశేషులైన కందుకూరి వీరేశలింగము పంతులుగారి రచనలను నేడు ఎవరైనను ముద్రింపవచ్చును. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయమునకు అదే 52వ సెక్షను మరియొక సదుపాయము కల్పించినది. దేశమున అమ్మకమునకు దొరకని గ్రంథమును, గ్రంథాలయ వినియోగమునకై మూడు ప్రతులకు మించకుండ తీయించుకొనవచ్చును. బీరువాలలో పొడియగుచున్న పాత పుస్తకములు గల ప్రతి గ్రామ గ్రంథాలయమును ఈ హక్కును ఎరిగి వినియోగించుకొనుట అవసరము. పుస్తకము శిథిలమైన పిమ్మట హక్కుండియు ఫలము లేదు.