పాట పాడని ఉబుంటు

లైనక్స్ సిస్టమ్ ఉబుంటు మొదట విడుదలైంది 2004 అక్టోబర్‌లో. అడిగినవాళ్లకు సీడీలు పోస్టులో ఊరికే పంపేవాళ్లు. ఆ ఏర్పాటు 2011 దాకా నడిచింది. తాండూరులో కంప్యూటర్లు బాగుచేసి బతికే నాలాంటివాళ్లకు అది అక్కరకొచ్చింది. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల ఆఫీసుల్లో సీపీయూ విప్పితే పిడికెడు రాతి దుమ్ము, ఆన్ చేస్తే వైరస్‌లు. దుమ్మును బ్లోయర్ చూసుకునేది. వైరస్‌లకు లైనక్స్ ఎక్కించేవాణ్ని.

ఎక్కించిన మర్నాడే ఫోను: "గిదేం సిస్టమన్నా, పాటనే వస్తలేదు!"

వంద పాటల ఎంపీ3 సీడీ పెడితే సిస్టమ్ నోరు మెదపదు. కారణం పేటెంట్లు. ఎంపీ3 మీద జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థకు, ఇంకొందరికి హక్కులుండేవి. ఉచితంగా పంచే సిస్టమ్‌కు కాపీకింత అని రుసుము కట్టేదెవరు? అందుకే ఉబుంటు ఇలాంటి ఫైళ్లను చదివే కోడెక్‌లను 'రెస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్' పేరుతో విడిగా పెట్టింది. ఫెడోరా అనే మరో లైనక్స్ వాటిని అసలే దగ్గరికి రానివ్వలేదు. అది వాడేవాళ్లకు లివ్నా, 2008 నుంచి ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి ప్యాకేజీ భాండారాలే దిక్కు. ఉబుంటులో డీవీడీ తాళం తీసే లైబ్రరీ కోసం మెడిబుంటు అనే అలాంటి భాండారానికే వెళ్లాల్సి వచ్చేది. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పేటెంటే లేదు. ఎక్కడో అమెరికా కోర్టులకు జడిసి తాండూరులో పాట ఆపడమేమిటని నాకు ఇప్పటికీ కోపమే.

నెట్ బాగుంటే ఒక్క కమాండ్‌తో పోయే పని. మాకేమో బీఎస్‌ఎన్‌ఎల్‌లో రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా డేటాకు లెక్కలేని ప్లానే గతి. లేదంటే హైదరాబాద్‌లో దింపుకొని, ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ టూల్ దాచుకునే ఆర్కైవ్స్ ఫోల్డర్‌లోంచి డెబ్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రైలెక్కడం. వెర్షన్ కలవాలి: ఉబుంటు 8.10 కోసం దింపినవి 8.04 ఒప్పుకోదు. తోడు ప్యాకేజీ ఒక్కటి తగ్గినా మొత్తం ఆగిపోతుంది.

అన్నిట్లోకీ మొండిది ఆ ఎక్స్‌ట్రాస్‌తోనే వచ్చే మైక్రోసాఫ్ట్ ఫాంట్ల ప్యాకేజీ. అందులో ఫాంట్లు ఉండవు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అవి నెట్‌లోంచి రావాలి. కాబట్టి పెన్‌డ్రైవ్‌లో తెచ్చినా దండగే. పైగా మధ్యలో టెర్మినల్ నిండా లైసెన్స్ పత్రం వచ్చి నిలబడుతుంది, కింద 'ఓకే' అని. మౌస్‌తో ఎంత నొక్కినా కదలదు. ట్యాబ్ కొట్టి దాని మీదికి వెళ్లి ఎంటర్ కొట్టాలి. ఆ సంగతి తెలియక విండో మూసేసినవాళ్లు, ఆ తర్వాత ఏదీ ఇన్‌స్టాల్ కావట్లేదని సీపీయూ చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు.

మెల్లగా దారి సులువైంది. 7.04 నుంచి కోడెక్ లేకపోతే ఉబుంటే అడిగి తెచ్చుకునేది. 10.10లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఒక టిక్కు పెడితే ఎంపీ3 వచ్చేసేది. 2017 ఏప్రిల్‌లో ఎంపీ3 లైసెన్సుల వ్యవహారమే ముగిసింది. అప్పటికి వికారాబాద్ జిల్లా అయింది, జియో వచ్చింది, పాటలన్నీ ఫోన్లోకి వెళ్లిపోయాయి. సీడీ పట్టుకొచ్చేవాడే లేడు.

అయినా తగవు తీరలేదు. హెచ్.264, హెచ్.265 వీడియో ఫార్మాట్ల మీద పేటెంట్ల పేచీ ఉండనే ఉంది. 2022లో ఫెడోరా వాటికి గ్రాఫిక్స్ కార్డు సాయాన్ని కూడా తీసేసింది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాళ్లు ఫెడోరా అడిగితే, ఆర్‌పీఎం ఫ్యూజన్ కలిపిగానీ మిషన్ చేతికివ్వను.