డబ్బా మీద అంకె

ఫోను కొనబోయేవారు ఇవాళ మొదట చేసే పని రెండు మూడు మోడళ్లను పక్కపక్కన పెట్టుకుని అంకెలు చూడటం. ర్యామ్ ఎంత, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్. పదివేల లోపు ఫోనుకూ పద్దెనిమిది వేల ఫోనుకూ ఉన్న తేడా అంతా ఆ పట్టికలోనే కనబడుతుందని మన నమ్మకం. ఈ అలవాటుకు పెద్ద వయసేమీ లేదు. అదెలా వచ్చిందో చూస్తే మాత్రం గట్టిగా చెప్పుకోవాల్సిన సంగతి ఒకటి తేలుతుంది. పట్టిక చూసి పోల్చడం మనం నేర్చుకున్న ఏళ్లలోనే, చవక ఫోనును దాని పైమెట్టు ఫోను నుంచి నిజంగా వేరు చేసే గుణాలు ఆ పట్టికలోంచి తప్పుకున్నాయి.

దేశంలో తొలి సెల్‌ఫోను కాల్ 1995 జూలై 31న వెళ్లింది. కలకత్తా నుంచి జ్యోతి బసు, ఢిల్లీ నుంచి కేంద్ర మంత్రి సుఖ్‌రామ్ మాట్లాడుకున్నారు. ఆ రోజుల్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా పడేది, వచ్చిన కాల్‌కూ చెల్లించాలి. మాటకే అంత ఖర్చయ్యే చోట ఏ సెట్టు మేలన్న ప్రశ్న ఎక్కువమందికి రాలేదు. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. అదే ఏడు రిలయన్స్ వాళ్లు ముందుగా 501 రూపాయలు కడితే ఫోను చేతిలో పెట్టి, మిగతాది నెలనెలా తీసుకునే పథకం తెచ్చారు. ఫోను సామాన్యుడి ఇంటికి వచ్చింది అప్పుడే.

ఆ సంవత్సరమే నోకియా 1100 కూడా వచ్చింది. నలుపు తెలుపు తెర, పైన టార్చిలైటు, దుమ్ము లోపలికి పోకుండా ఒకే రబ్బరు పలకతో చేసిన కీప్యాడ్, చెమట చేతుల్లోంచి జారకుండా పక్కల గరుకు పట్టు. ప్రపంచం మొత్తం మీద పాతిక కోట్లు అమ్ముడుపోయింది. దానితో సమకాలికమైన నోకియా 6600లో రంగుల తెర, కెమెరా ఉండేవి, ధర ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా చవక ఫోను కొన్నవాడు నష్టపోలేదు. అందులో పాతబడే సాఫ్ట్‌వేర్ అంటూ లేదు. కొన్నప్పుడు చేసిన పనులే అయిదేళ్ల తర్వాతా చేసేది. పైగా కొనేవాడికి కావలసిన గుణాలన్నీ షాపులోనే చేత్తో పట్టి చూసుకోదగ్గవి. తక్కువ ధరంటే తక్కువ సౌకర్యాలే తప్ప తక్కువ ఆయుష్షు కాదు. స్మార్ట్‌ఫోను వచ్చాక ఈ లెక్కంతా తలకిందులైంది.

నడుమ కొద్దికాలం చైనా సెట్లు నడిచాయి. పెద్ద స్పీకర్లు, రెండు సిమ్ములు, పేరూ ఊరూ లేని కంపెనీలు. ఐఎంఈఐ నంబరు లేని సెట్లను 2009 చివర్లో నెట్‌వర్క్ నుంచి తప్పించేదాకా అదే జోరు. 2008లో మైక్రోమ్యాక్స్ ఎక్స్1ఐ ముప్ఫై రోజుల బ్యాటరీ అంటూ కరెంటు నిలకడగా ఉండని ఊళ్లను ఉద్దేశించి వచ్చింది. ఫోనును ఒక్క అంకెతో అమ్మడం మన దగ్గర అక్కడే బాగా పట్టు సాధించిందని నా అభిప్రాయం. ఆ అంకె నిజమైన అవసరానికి జవాబే కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. 2012లో అదే కంపెనీ క్యాన్వాస్ 2ను అయిదంగుళాల తెరతో 9,999 రూపాయలకు ఇచ్చినప్పుడు ఆ ధర ఒక గడపలా నిలబడిపోయింది. అంతకు దిగువది బడ్జెట్, ఎగువది మిడ్‌రేంజ్.

ఆ గడప ఎంత కదిలేదో తర్వాతి చరిత్రే చెబుతుంది. షియోమీ రెడ్‌మీ నోట్ 3, నోట్ 4 రెండూ 9,999 దగ్గరే మొదలయ్యాయి. 2020 ఏప్రిల్‌లో ఫోన్లపై జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. ఆ ఏడు నోట్ 9 ధర 11,999. 2023లో నోట్ 12 ధర 14,999. పేరు అదే, మెట్టు మారింది. అంటే బడ్జెట్, మిడ్‌రేంజ్ అన్నవి ధరలకు పెట్టిన పేర్లు. ఫోను లోపల ఏముందో వాటిని బట్టి తెలియదు.

ఈ కథలో నేను ఎక్కువసేపు నిలబడదలచుకున్నది 2014 సెప్టెంబరు దగ్గర. ఆ నెల రెండు రకాల చవక ఫోన్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. షియోమీ రెడ్‌మీ 1ఎస్ ధర 5,999. ఫ్లాష్ సేల్‌లో పెట్టిన నలభై వేల ఫోన్లు సెకన్లలో అయిపోయాయి. రెండోది గూగుల్ ఆండ్రాయిడ్ వన్. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలు తయారుచేసిన ఈ ఫోన్లు ఆరున్నర వేల లోపు ధరకు వచ్చాయి. పట్టికలో పెడితే పోటీయే లేదు. రెడ్‌మీకి 4.7 అంగుళాల 720పి తెర, 8 మెగాపిక్సెళ్ల కెమెరా, 8 జీబీ స్టోరేజీ. ఆండ్రాయిడ్ వన్‌కు 4.5 అంగుళాల మసక తెర, 5 మెగాపిక్సెళ్లు, 4 జీబీ. ఆ నాలుగులోనూ సిస్టమ్ తినగా మిగిలేది దాదాపు సగమే. జనం రెడ్‌మీనే ఎంచుకున్నారు. చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి అది సరైన ఎంపికే.

కానీ ఆండ్రాయిడ్ వన్ మాట ఇచ్చిన విషయం ఒకటుంది. దానికి పట్టికలో గడే లేదు. కొత్త ఆండ్రాయిడ్ నేరుగా గూగుల్ నుంచి రెండేళ్ల పాటు వస్తుందన్న హామీ అది. మాట నిలబడింది. 2015లో ఆ ఫోన్లకు ఆండ్రాయిడ్ 5.1, అదే ఏడు చివర్లో 6.0 అందాయి. తెలుగులో మెనూలు కనబడే సదుపాయం ఆండ్రాయిడ్‌లోకి వచ్చింది 5.0తోనే. రెడ్‌మీ 1ఎస్ 4.3తో వచ్చి, 4.4 దగ్గర ఆగింది. షియోమీ తన సొంత హంగులను కొత్తగా పంపుతూనే ఉన్నా కింది ఆండ్రాయిడ్ మాత్రం మారలేదు.

తొమ్మిదేళ్ల తర్వాత, 2023 అక్టోబరు 24 నుంచి, వాట్సాప్ ఆండ్రాయిడ్ 5.0కు దిగువనున్న ఫోన్లలో పనిచేయడం మానేసింది. అన్నేళ్లు ఆ ఫోను ఎవరు వాడతారని అడగవచ్చు. మన ఇళ్లలో ఫోను ప్రయాణం తెలిసినవారు అడగరు. కొడుకు కొత్తది కొంటే పాతది అమ్మకు, అమ్మ దగ్గర్నుంచి పొలం దగ్గర నాన్నకో, చదువుకునే పిల్లకో వెళుతుంది. 2020లో బడులు మూతపడినప్పుడు ఆన్‌లైన్ పాఠాలు విన్న పిల్లల్లో ఎంతోమంది చేతిలో ఉన్నది అలా చేతులు మారిన ఫోనే.

పట్టికలో గడి లేని గుణం ఇదొక్కటే కాదు. ఆండ్రాయిడ్ 2.3 నాటి ఎన్నో ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వరసకట్టేవి. ఒపెరా మినీ బ్రౌజర్ అడ్రసు గడిలో ఒపెరా కాన్ఫిగ్ అని కొట్టి, అట్టడుగున బిట్‌మ్యాప్ ఫాంట్ల వరుసను 'యస్' చేసి సేవ్ చేస్తే, తెలుగు చిన్న చిన్న బొమ్మలుగా వచ్చేది. ఒత్తులు తిన్నగా పడేవి. పేపరు చదువుకోవడానికి ఎందరో పాటించిన చిట్కా ఇది. ఈ ఫోనులో తెలుగు కనబడుతుందా అన్న ప్రశ్నకు మాత్రం ఏ పోలిక పట్టికా జవాబివ్వలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడూ ఇదే జరిగింది. అది కేవలం 4జీ నెట్‌వర్క్, మాట కూడా డేటా మీదే. మెగాపిక్సెళ్లు చూసి పదమూడు వేలు పెట్టి కొన్న 3జీ ఫోను పక్కన, 2015 ఆగస్టు నుంచి అప్పటి చిత్తూరు జిల్లా శ్రీసిటీలో తయారైన ఏడువేల రెడ్‌మీ 2 ప్రైమ్ మేలనిపించింది. అందులో 4జీ ఉంది మరి.

అంకెలు కొనేవాడిని కాపాడాయి కదా అన్న వాదనను తేలిగ్గా కొట్టేయలేం. అంతకు ముందు అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో అయినా, ఊళ్లో సెంటర్లో షాపులో అయినా కౌంటరు వెనకున్నవారి మాటే వేదం. ఏ కంపెనీ ప్రమోటర్ నిలబడితే ఆ ఫోనే గొప్పది. 2014లో మోటో జీ 12,499కి ఆన్‌లైన్‌లో దొరికాక ధర, లోపలి సరుకు అందరికీ ఒకేలా కనబడ్డాయి. తెలుగులో వీడియో రివ్యూలు వచ్చాక ఇంగ్లిషు రానివారూ ప్రాసెసర్ పేర్లు అడిగి కొనడం మొదలుపెట్టారు. ఇది నిజమైన లాభం, దీన్ని నేను గౌరవిస్తాను. నా అభ్యంతరం అంకెలను ఎంచింది ఎవరన్న దాని మీద. పట్టికలో ఏ గడులుండాలో అమ్మేవారే తేల్చారు. 2019లో 48 మెగాపిక్సెళ్ల కెమెరాలు వచ్చాయి. మామూలుగా తీస్తే నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటోయే ఇస్తాయవి. పక్కన 2 మెగాపిక్సెళ్ల మ్యాక్రో లెన్సు ఒకటి చేర్చి కెమెరాల లెక్క పెంచారు. స్టోరేజీలో కొంత భాగాన్ని వాడుకుని దాన్నీ ర్యామ్ కిందే కలిపి చూపారు.

ఇక స్టోరేజీ సంగతి. డబ్బా మీద 128 జీబీ అని రాసి ఉంటుంది, ఏ రకమన్నది చాలాసార్లు ఉండదు. పదివేల లోపు ఫోన్లలో తరచుగా ఉండే ఈఎంఎంసీలో చదవడం, రాయడం ఒకేసారి సాగవు, ఒకే బండి పట్టే వంతెన మీద ఎదురెదురు బళ్లు ఆగి ఆగి పోయినట్టు. పై ధరల్లో వాడే యూఎఫ్‌ఎస్‌లో రెండు దారులూ వేరు. కొన్న వారం ఈ తేడా ఎవరికీ తెలియదు. ఫొటోలు, వాట్సాప్ ఫైళ్లు నిండాక, ఒక పక్క యాప్ అప్‌డేట్ అవుతుండగా ఫోన్‌పే తెరవబోయినప్పుడు తెలుస్తుంది.

పేదవాడికి ఈ విచారమంతా ఎందుకు, జేబులో ఉన్నదాన్ని బట్టే కొంటాడు అనేవారున్నారు. జేబు ఖాళీగా ఉన్నవాడికే ఈ సమాచారం ఎక్కువ కావాలి. ఏడువేల ఫోను రెండేళ్లకు మందగించి మళ్లీ ఏడువేలు పెట్టాల్సి వస్తే, పన్నెండు వేలది అయిదేళ్లు నడిస్తే, ఎక్కువ ఖర్చు పెట్టింది ఎవరు? కిస్తీల మీద కొనేవాడికి ఆ లెక్క వడ్డీతో సహా పడుతుంది. చవక ఫోన్లూ ఇప్పుడు బాగుపడ్డాయన్నది నిజమే, ప్రాసెసర్ల మటుకు. 2024 అక్టోబరులో శాంసంగ్ ఏ16 5జీకి ఆరేళ్ల అప్‌డేట్లు ప్రకటించడంతో, మిడ్‌రేంజ్‌లో అది అసాధ్యమన్న సాకు పోయింది. దాదాపు అదే ధరకు పక్కనే దొరికే ఫోన్లలో రెండేళ్ల హామీతో సరిపెట్టేవీ ఉన్నాయి.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ప్రతి కొత్త మోడల్ మీదా లేబుల్ ఉండాలి. బ్యాటరీ ఎన్నిసార్ల ఛార్జింగ్‌ను తట్టుకుంటుంది, కిందపడితే ఏ మేరకు నిలుస్తుంది, రిపేరు ఎంత సులువు అన్నవి అందులో చెప్పాలి. మోడల్ అమ్మకం ఆగాక కూడా కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలన్నది అక్కడి నియమం. మన డబ్బా మీద ఎంఆర్‌పీ, తయారైన నెల, కంపెనీ చిరునామా ఉంటాయి. రేడియేషన్ మోతాదు కూడా 2012లో మన నిబంధనల్లోకి వచ్చింది. చట్టం అడిగితే కంపెనీలు ముద్రిస్తాయనడానికి అదే రుజువు. స్టోరేజీ రకాన్నీ, చివరి అప్‌డేట్ వచ్చే నెలనూ, ఏడాదినీ అదే డబ్బా మీద, అదే సైజు అక్షరాల్లో, తెలుగు నాట అమ్మేవాటి మీద తెలుగులో కూడా ముద్రించమని మన చట్టమూ అడగాలి.