పీచు పదార్థం రక్తంలో కొలెస్ట్రాల్‌ను ఎలా తగ్గిస్తుంది?

సోలాపూర్‌లో జొన్నరొట్టె, కోలారు, హోసూరు వైపు రాగి సంకటి, బరంపురం చుట్టుపక్కల చోడి అంబలి. మన పెద్దలు ఎక్కడ స్థిరపడినా ఇలాంటి గింజలే తిన్నారు. ఇప్పుడు మనలో చాలా ఇళ్లలో రెండు పూటలా తెల్లన్నమే. రక్తపరీక్ష రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎక్కువని తేలగానే నూనె తగ్గిస్తాం, గుడ్డు మానేస్తాం. పీచు సంగతి మాత్రం ఆలోచించం.

రెండు రకాలు

నీటిలో కరగని పీచు గోధుమ తవుడు వంటివాటిలో ఎక్కువ. ఇది మలబద్ధకం పోగొడుతుంది కానీ కొలెస్ట్రాల్‌పై దీని ప్రభావం తక్కువ. కరిగే పీచు నీటితో కలిసి జిగురుగా మారుతుంది. కొలెస్ట్రాల్‌ను తగ్గించేది ముఖ్యంగా ఇదే.

పనిచేసే తీరు

కొవ్వు అరగడానికి కాలేయం కొలెస్ట్రాల్‌తో పైత్యరసాన్ని తయారుచేస్తుంది. పని అయ్యాక అందులో ఎక్కువ భాగం పేగుల నుంచి తిరిగి కాలేయానికే చేరుతుంది. కరిగే పీచు దానిలో కొంత పట్టి ఉంచి మలంతో బయటికి పంపుతుంది. ఆ లోటు పూడ్చడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది.

ఎంత తగ్గుతుంది?

రోజుకు 5 నుంచి 10 గ్రాముల కరిగే పీచు తింటే ఎల్‌డీఎల్ సుమారు 5 శాతం తగ్గుతుంది. మంచి కొలెస్ట్రాల్ (హెచ్‌డీఎల్) పెద్దగా మారదు. మొత్తం పీచు రోజుకు కనీసం 25 గ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఎందులో ఉంటుంది?

మొత్తం పీచు చూస్తే 100 గ్రాముల తెల్లబియ్యంలో 3 గ్రాములలోపే. రాగుల్లో సుమారు 11, జొన్నల్లో సుమారు 10 గ్రాములు. కరిగే పీచుకు మెంతులు, పప్పులు, అలసందలు, గోరుచిక్కుడు, జామ, నారింజ, బార్లీ, ఓట్స్, ఇసబ్‌గోల్ మంచివి. బెండకాయ జిగురూ ఈ కోవలోదే. యానాం వైపు చేపల పులుసులో బెండకాయ వేసే అలవాటు మంచిదే. పండు రసం తీసి వడగడితే పీచు చాలావరకు పిప్పితో పోతుంది, కాబట్టి పండుగానే తినాలి.

జాగ్రత్తలు

పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం, గ్యాస్ వస్తాయి. రెండు మూడు వారాల్లో నెమ్మదిగా పెంచుకుంటూ, నీళ్లు బాగా తాగాలి. ఇసబ్‌గోల్‌ను గ్లాసు నిండా నీళ్లతో తీసుకోవాలి. దానికీ మందులకూ మధ్య రెండు గంటల ఎడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: రాగులు తింటున్నాం కదా అని కొలెస్ట్రాల్ మాత్ర మనంతట మనం ఆపకూడదు. పీచు మాత్రకు తోడే కానీ బదులు కాదు. ముఖ్యంగా గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు డాక్టరు చెప్పకుండా మాత్ర మానకూడదు.