పట్టుకోవడం అనే విద్య

ఆక్యుపేషనల్ థెరపీ చదువుతున్నానని చెప్పినప్పుడల్లా హనుమకొండలోని మా బంధువర్గం వారు అడిగిన ప్రశ్న ఒక్కటే: "అంటే ఉద్యోగాలు ఇప్పించే చదువా?" వృత్తి చికిత్స అని తెలుగు చేసినా ఆ అపార్థం తీరదు. ఇక్కడ వృత్తి అంటే కొలువు కాదు. స్నానం, అన్నం కలుపుకోవడం, చొక్కాకు గుండీలు పెట్టుకోవడం, మగ్గం నేయడం, ఇలా మనిషి తన దినాన్ని నింపుకునే పనులన్నీ వృత్తులే. జబ్బు వల్ల చేజారిన ఆ పనులను తిరిగి చేతికందించడమే ఈ శాస్త్రం. అయితే ఈ చదువులో ముందుగా నేర్పేది మనిషిని ఎలా పట్టుకోవాలో, ఎప్పుడు పట్టుకోకూడదో. ఆ చిన్న పాఠం వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. దానిని మిత్రులతో పంచుకోవాలనే ఈ టపా.

1917 మార్చిలో అమెరికాలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్ళో కొందరు కూడి ఈ వృత్తికి తొలి జాతీయ సంఘాన్ని స్థాపించారు. అధ్యక్షుడు జార్జ్ ఎడ్వర్డ్ బార్టన్ వైద్యుడు కాడు, వాస్తుశిల్పి. క్షయతో బాధపడి, ఎడమ పక్కకు పక్షవాతం వచ్చి, తోటపనితోనూ వడ్రంగంతోనూ కోలుకున్నవాడు. రోగి అనుభవంలోంచి పుట్టిన విద్య ఇది.

మన దేశానికి దీనిని తెచ్చినవారు కమలా నింబ్కర్. అమెరికాలో ఎలిజబెత్ లండీగా పుట్టి, భారతీయుని వివాహమాడి ఇక్కడి మనిషి అయ్యారు. 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో తొలి శిక్షణాలయాన్ని ఆరంభించారు. 1952లో ప్రపంచ సమాఖ్య ఏర్పడినప్పుడు దానిని స్థాపించిన పది దేశాలలో భారతదేశం ఒకటి. ఆ సమాఖ్య ప్రమాణాల ప్రకారం విద్యార్థి కనీసం వేయి గంటలు నిజమైన మనుషుల మధ్య పనిచేసి నేర్చుకోవాలి. మా పుస్తకాలు ఆ మనుషులను రోగి అనక "క్లయింటు" అన్నాయి. ప్లీడరు గారి కక్షిదారు గుర్తుకు వచ్చి మొదట నవ్వుకున్నాము. తన సంగతి తాను నిర్ణయించుకోగల మనిషి అని అందులోని భావం.

సురక్షణ పాఠాలలో మొదటిది చేతులు కడుక్కోవడం. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ వైద్యుల చేతులు కడిగించగానే బాలింతల మరణాలు బాగా తగ్గాయి. అయినా సాటి వైద్యులు చాలామంది ఆయన మాటను చెవిన పెట్టలేదు. మేలు చేయవచ్చిన చేయి కీడు చేయగలదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే.

రెండవ పాఠానికి మన గడ్డతోనే సంబంధం ఉన్నది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు చికిత్సాలయం నెలకొల్పారు. కుష్ఠులో మాంసం తనంతట తానే కుళ్ళి రాలిపోతుందని లోకం చాలాకాలం నమ్మింది. 1940ల చివర వెల్లూరులో పనిచేసిన పాల్ బ్రాండ్ అసలు కారణాన్ని బయటపెట్టాడు. స్పర్శ లేని చేతికి నొప్పి తెలియదు. నొప్పి తెలియనందున వేడిగిన్నె కాల్చినా, మొల గుచ్చుకున్నా గాయం పెరుగుతూనే ఉంటుంది. అందుకే స్పర్శ తగ్గినవారికి నీళ్ళు పోసే ముందు వేడి మనమే చూడాలని, చేతులూ పాదాలూ రోజూ కళ్ళతో పరీక్షించుకోవడం వారికి నేర్పాలని చెబుతారు.

మూడవది, పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీదినుంచి కుర్చీలోకి మార్చడం. చక్రాల కుర్చీని బలమున్న పక్కన కొంచెం ఏటవాలుగా పెట్టాలి. రెండు బ్రేకులూ వేసి, పాదాల పలకలు తప్పించాలి. మంచం అంచున కాసేపు కూర్చోబెట్టాలి. గభాలున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. నడుముకు కట్టిన పట్టీని పట్టుకోవాలే గాని, చచ్చుబడిన చేతిని ఎన్నడూ లాగరాదు. కండరాల పట్టు లేని భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి ఉంటుంది. పడిపోతుంటే బలవంతంగా నిలబెట్టకుండా, మన ఒంటికి ఆనించుకుని మెల్లగా కిందికి దించాలి. అన్నిటికన్నా ముందు ఏమి చేయబోతున్నామో ఆ మనిషికి చెప్పి, సరేననిపించుకోవాలి.

ఇదంతా వరంగల్లుకు ఎందుకంటారా? ఎం.జి.ఎం. వంటి పెద్దాసుపత్రి నుంచి ఇంటికి చేరిన మనిషిని ఆ తరువాత లేపేదీ పండబెట్టేదీ భార్యో, కొడుకో, కోడలో. ప్రేమకు కొదువ లేదు, కాని రెండు చేతులూ పట్టి పైకి లాగడమే వారికి తెలిసిన పద్ధతి. కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషికి పక్షవాతం వస్తే మళ్ళీ మగ్గం ముందు కూర్చోవాలన్నదే ఆశ. గుంట మగ్గమైతే కాళ్ళు గోతిలోకి దించాలి, మళ్ళీ పైకి తీయాలి. ఆ దిగడం, ఎక్కడం ముందు నేర్పకుండా వేళ్ళకు ఎంత కసరత్తు చేయించినా ఏమి లాభం?

అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ చట్టం 2021లో వచ్చి ఈ వృత్తిని కూడా తన పరిధిలోకి తీసుకున్నది. సంతోషమే. కాని పట్టాలూ రిజిస్టర్లూ ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోతాయి. గేటు దాటి ఇంటిలోకి వెళ్ళవలసినది ఈ విద్య. ఒక్క కోడలికి భుజం లాగకూడదని చెప్పగలిగినా ఒక మనిషికి కొన్ని నెలల నొప్పి తప్పుతుంది. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అటువంటివారు ఉంటే ఈ నాలుగు మాటలూ వారి చెవిన వేయండి.