జనన నియంత్రణ విధానం – వివాహ వ్యవస్థ: ఆంధ్రప్రదేశ్ అనుభవం

జనాభా విధానాలు పిల్లల సంఖ్యను ఉద్దేశించినవే అయినా, వాటి ప్రభావం వివాహ వ్యవస్థపైనా ప్రసరిస్తుంది. అది విధానకర్తలు ఆశించిన చోటనే ప్రసరించిందా అన్న విషయాన్ని ఆంధ్రప్రదేశ్ అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వివాహం ఆలస్యమైతే జననాలు తగ్గుతాయన్న భావనతో 1976 నాటి జాతీయ జనాభా విధాన ప్రకటన కనీస వివాహ వయస్సును స్త్రీలకు 18, పురుషులకు 21 సంవత్సరాలుగా ప్రతిపాదించింది. 1978లో బాల్యవివాహ నిరోధక చట్ట సవరణతో అది శాసనమైంది.

జననాలు తగ్గాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం, 1992-93లో ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 2.6గా ఉన్న మొత్తం సంతానోత్పత్తి రేటు 2019-21 నాటికి విభజిత ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు చేరింది. రాష్ట్ర పరిధి మారినా తగ్గుదల స్పష్టమే. అయితే అదే 2019-21 సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలలో సుమారు 29 శాతం మందికి 18 నిండకముందే వివాహమైనట్లు తేలింది. వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కు.ని. శస్త్రచికిత్స చేయించుకొన్నవారు, పురుషుల శస్త్రచికిత్సలు ఒక శాతమైనా లేవు. అంటే సంతానం తగ్గడానికి వివాహాన్ని వాయిదా వేయడం కంటే, తొందరగా పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, పాతికేళ్లలోపే శస్త్రచికిత్స అన్న క్రమమే ప్రధాన మార్గమైంది. ఆ భారం స్త్రీ శరీరంపైనే పడింది.

1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి సంతానమున్నవారిని స్థానిక ఎన్నికల పోటీకి అనర్హులను చేసింది. చట్టం అమలైన ఏడాది తరువాత పుట్టిన పిల్లలకే ఈ నిబంధన వర్తించింది. ఇదీ కాన్పుల సంఖ్యనే లెక్కించింది గాని వివాహ వయస్సును పట్టించుకోలేదు.

విధానం ఉద్దేశించని మార్పు బంధుత్వంలో కలిగింది. అన్నదమ్ములు లేని స్త్రీ బిడ్డలకు మేనమామ ఉండడు. అక్కచెల్లెళ్లు లేని పురుషుని బిడ్డలకు మేనత్త ఉండదు. మేనరికానికి ఆధారమైన బంధువులే తగ్గినప్పుడు ఆ సంప్రదాయం దానంతట అదే సన్నగిల్లక తప్పదు. మేనరికం తగ్గుదలలో విద్య, వలసల పాత్ర ఉన్నా, ఈ లెక్కను విస్మరించలేము.

2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధనను రద్దు చేసింది. ఈ రద్దు పోటీ చేసే హక్కును తిరిగి ఇస్తుంది. శస్త్రచికిత్సతో ముగిసిన సంతాన దశను గాని, తరిగిన బంధుత్వాన్ని గాని తిరిగి ఇవ్వదు. కాబట్టి కొత్త విధానానికి పిల్లల సంఖ్య కంటే ముందు స్త్రీ వివాహ వయస్సు, ఆమె నిర్ణయాధికారం ప్రాతిపదిక కావాలి.