లినక్స్ సర్వరులో బ్యాకప్, డేటా పునరుద్ధరణ

సర్వరులోని సమాచారానికి మరొక చోట నకలు తీసి భద్రపరచడాన్ని బ్యాకప్ అంటారు. పోయిన సమాచారాన్ని ఆ నకలు నుండి గాని, చెడిపోయిన డిస్కు నుండి గాని తిరిగి రాబట్టడాన్ని డేటా పునరుద్ధరణ అంటారు. పాఠశాలలు, గ్రంథాలయాలు, చిన్న కార్యాలయాలలో తరచుగా ఒకే కంప్యూటరు సర్వరుగా పనిచేస్తుంది. అటువంటి చోట ఒక్క డిస్కు చెడిపోయినా మొత్తం సమాచారం పోయే ప్రమాదం ఉంది.

నష్టానికి కారణాలు

డిస్కు అరిగిపోవడం, రాస్తుండగా విద్యుత్తు పోవడం, దొంగతనం, అగ్నిప్రమాదం, దుష్ట ప్రోగ్రాములు ముఖ్యమైన కారణాలు. మనుషుల పొరపాట్లు కూడా తక్కువేమీ కాదు. లినక్స్‌లో ఆర్‌ఎం ఆదేశంతో తొలగించిన ఫైలు చెత్తబుట్టలోకి వెళ్ళదు, నేరుగా తొలగిపోతుంది.

రెండు డిస్కులలో ఒకే సమాచారాన్ని ఉంచే రెయిడ్ 1 పద్ధతి బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఒక డిస్కు చెడిపోతే అది సర్వరును నడిపిస్తుంది. కానీ పొరపాటున తొలగించిన ఫైలు రెండు డిస్కులలోనూ అదే క్షణంలో పోతుంది.

పోయిన డేటాను రాబట్టడం

ఫైలును తొలగించినపుడు సాధారణంగా దాని స్థలం ఖాళీగా గుర్తించబడుతుంది. కొత్త సమాచారం ఆ స్థలంలో చేరేవరకు పాత సమాచారం అక్కడే ఉంటుంది. కనుక మొదట చేయవలసిన పని ఆ డిస్కులో రాయడాన్ని వెంటనే ఆపివేయడం.

* డిస్కు చెడిపోతున్నట్లయితే గ్నూ డిడిరెస్క్యూతో మరొక డిస్కులోకి పూర్తి ప్రతిబింబం తీయాలి. ఇది ముందుగా సులభంగా చదవగల భాగాలను తీసుకొని, చెడిన భాగాలను తరువాత ప్రయత్నిస్తుంది. మిగిలిన పనులన్నీ ఆ ప్రతిబింబంపైనే చేయాలి. చెడిపోతున్న డిస్కుపై నేరుగా ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే నష్టం పెరగవచ్చును.
* పోయిన విభాగాలను టెస్ట్‌డిస్క్ వెతుకుతుంది. ఫోటోరెక్ ఫైళ్ళను వాటి అంతర్గత గుర్తులను బట్టి వెలికితీస్తుంది, కానీ ఫైళ్ళ పేర్లు సాధారణంగా తిరిగి రావు.

ఈఎక్స్‌టీ4 ఫైలు వ్యవస్థ ఫైలును తొలగించేటపుడు అది డిస్కులో ఎక్కడున్నదో తెలిపే వివరాలను కూడా చెరిపివేస్తుంది. ఎస్‌ఎస్‌డీలలో ట్రిమ్ ఆదేశం నడిచిన తరువాత డేటా తిరిగి దొరకడం చాలా అరుదు. అందువలన పునరుద్ధరణ సాధనాలపై ఆధారపడడం సురక్షితం కాదు.

బ్యాకప్ ప్రణాళిక

ఎన్ని గంటల పని పోయినా భరించగలము, ఎంతసేపటిలో సర్వరు తిరిగి నడవాలి అనే రెండు ప్రశ్నలకు సమాధానాలే ప్రణాళికకు పునాది. 3-2-1 నియమం ప్రకారం సమాచారానికి మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలలో ఉండాలి. వాటిలో ఒకటి వేరే ప్రదేశంలో ఉండాలి.

1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరస్ రూపొందించిన ఆర్‌సింక్ మారిన భాగాలను మాత్రమే నెట్‌వర్కు ద్వారా పంపగలదు. క్రాన్ ద్వారా దీనిని ప్రతి రాత్రి నడపవచ్చును. అయితే ఒకే నకలును ప్రతిరోజూ సరిచేస్తూ పోతే నిన్నటి పొరపాటు నేటి నకలులోకి కూడా చేరుతుంది. కనుక తేదీలవారీగా నకళ్ళు ఉంచాలి. హార్డ్ లింకులను వాడితే మారని ఫైళ్ళు ప్రతి నకలులోనూ అదనపు స్థలాన్ని తీసుకోవు.

నడుస్తున్న డేటాబేసు ఫైళ్ళను నేరుగా నకలు చేస్తే అవి పరస్పరం పొసగకపోవచ్చును. మైఎస్‌క్యూఎల్‌డంప్, పీజీడంప్ వంటి సాధనాలతో తీసిన ప్రతినే భద్రపరచాలి.

పునరుద్ధరణ పరీక్ష

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన సర్వరులోని డేటాబేసును తొలగించాడు. ఆపేలోగా సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలాయి. డేటాబేసు సాధనపు వెర్షన్లు పొసగక, రోజువారీ బ్యాకప్‌లు విఫలమవుతున్న సంగతి అప్పుడే బయటపడింది. ఆ వైఫల్యాన్ని తెలిపే మెయిళ్ళు కూడా చేరలేదు. సుమారు ఆరు గంటల ముందు వేరే అవసరానికి తీసిన నకలు సంస్థను ఆదుకొంది. ఆ మధ్యకాలంలో డేటాబేసులో చేరిన సమాచారం మాత్రం తిరిగి రాలేదు.

బ్యాకప్ పూర్తయినట్లు సందేశం రావడం చాలదు. నిర్ణీత వ్యవధిలో ఒక నకలును వేరొక కంప్యూటరులో పునరుద్ధరించి, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో, డేటాబేసు నడుస్తున్నదో లేదో చూడాలి. పట్టిన సమయాన్ని కూడా నమోదు చేసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* లినక్స్
* ఫైలు వ్యవస్థ
* రెయిడ్
* డేటాబేసు